తీరిన బాకీకి కాగితం ఉండదు

ఆదోని తాలూకా రైతు చేతికి సర్కారు పట్టా రావడానికీ, అమెరికాలో మునిగిపోయిన ఒక పొగాకు వ్యాపారానికీ సంబంధం ఉంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గో పట్టణంలో అలెగ్జాండర్ మన్రో అనే వర్తకుడు ఉండేవాడు. ఆయన వ్యాపారమంతా వర్జీనియాతోనే. 1776లో అమెరికా వలసలు ఎదురుతిరిగి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. రావలసిన బాకీలు సముద్రం అవతలే ఆగిపోయాయి, గ్లాస్గోలో ఇల్లు దివాలా తీసింది. కొడుకు థామస్ పొట్ట చేతబట్టుకుని ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న దత్తమండలానికి అతనే ప్రధాన కలెక్టరు అయ్యాడు. బళ్ళారి, అనంతపురం, కడపలతో పాటు ఆదోని కూడా ఆ మండలంలోదే. పొలం కొలిపించి, పాలెగాళ్లనూ గుత్తదార్లనూ పక్కనపెట్టి, శిస్తు నేరుగా రైతు పేరనే కట్టించిన మన్రో అతనే. మా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా జనం నోట నానినవాడు.

ఆ కుటుంబం ఉత్తరాలు ఇప్పటికీ పదిలంగా ఉన్నాయి. అమ్మకు, నాన్నకు, చెల్లెలు ఎర్‌స్కిన్‌కు మన్రో ఇక్కడి గుడారాల్లో కూర్చుని రాసినవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అతను పోయిన మూడేళ్లకే, 1830లో, గ్లీగ్ అనే ఆయన వాటిలో చాలావాటిని పుస్తకంగా అచ్చు వేశాడు. ఇక గ్లాస్గో వర్తకులు వర్జీనియాలో నడిపిన అంగళ్ల లెక్కల పుస్తకాలు వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మరి అవే రోజుల్లో ఆదోనిలో పత్తికీ బట్టకూ పెట్టుబడి పెట్టిన షావుకార్ల చిట్టాలు ఏమయ్యాయి? ఎమ్మిగనూరు నేతగాళ్ల లెక్కలు ఎవరి దగ్గరున్నాయి? అది అడుగుదామనే దసరా దాటాక గుంతకల్లులో రైలు మారి ఆదోనిలో దిగాను.

పత్తి వచ్చే కాలంలో ఆదోనికి దారి ఎవరినీ అడగక్కర్లేదు. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు తెల్లటి పింజలు వేలాడుతుంటాయి, వాటి వెంబడే పోతే మార్కెట్ యార్డు వస్తుంది. రెండో బొంబాయి అని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకునేది ఈ యార్డునూ, దీని చుట్టూ పెరిగిన జిన్నింగ్ మిల్లులనూ చూసే. బోరాల ముందు కొనుగోలుదారు ఆగుతాడు. పిడికెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పింజను సాగదీసి పొడవు చూస్తాడు. గుప్పిట్లో నొక్కి వదిలి, ఎంత త్వరగా విచ్చుకుందో చూసి తేమ చెప్పేస్తాడు. ధర ఇప్పుడు ఈ-నామ్‌లో కంప్యూటరు మీద పడుతోంది గానీ, పత్తిని మాత్రం ఇంకా చెయ్యే చూస్తోంది. ఆ పత్తి కూడా పాతది కాదు. మద్రాసు వర్తకులు ‘వెస్టర్న్స్’ పేరుతో ఎగుమతి చేసిన నాటు పత్తి పోయింది. ఇప్పుడు బోరాల్లో ఉన్నది అమెరికా జాతి పత్తి, అందులోనూ 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ రకాలే ఎక్కువ.

కాటా అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. తూకం, ధర, హమాలీ, కాటా కూలి, కోతలు అన్నీ వరసగా ఉంటాయి. ఆ చీటీలో కనిపించని లెక్క మండీలో ఉంటుంది. జూన్‌లో విత్తనాలకూ ఎరువుకూ తీసుకున్న డబ్బు, మధ్యలో ఆసుపత్రికో పెళ్లికో తీసుకున్నది, దాని మీద వడ్డీ. అప్పిచ్చిన మండీకే పంట తేవాలని ఎక్కడా రాసి ఉండదు, అయినా బండి అక్కడికే వస్తుంది.

ఒక మండీలో చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్న పెద్దాయన దగ్గర కూర్చున్నాను. పాత పుస్తకాలు చూడొచ్చా అని అడిగితే కళ్లద్దాల మీదుగా చూశాడు.

“పాత పుస్తకాలు ఏంటికి సార్ మీకు?”

“ఎట్లా రాసేవాళ్లో చూద్దామని.”

“చూసేదానికి ఏముండాది? బాకీ కట్టినోడి నోటు వాని ముందరే చింపేస్తాం. కట్టనోడిది కోర్టుకు పోతాది. ఇంక మా కాడ ఏం మిగులుతాది చెప్పండి?”

నవ్వి ఊరుకున్నాడు గానీ, కాసేపటికి డెస్కు పెట్టె తెరిచి ఒక ప్రోనోటు తీశాడు. పేరున్న చోట బొటనవేలు అడ్డంపెట్టి మరీ చూపించాడు. అంగట్లో దొరికే అచ్చు ఫారమే. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా అడ్డంగా సంతకం. అక్షరాలు కూడబలుక్కుని పెట్టిన సంతకం, చివరి అక్షరం స్టాంపు దాటి కాగితం మీదికి జారింది. వెనక్కి తిప్పాడు. అక్కడ ఒకదాని కింద ఒకటి చెల్లులు. ఫలానా తేదీన ఇంత ముట్టింది అని, కింద మళ్లీ అదే కూడబలుక్కున్న సంతకం. అసలుతో పోలిస్తే ఆ మొత్తాలు ఏ మూలకూ రావు. ఎందుకంత తక్కువ అని అడగబోయి తేదీలు చూశాను. ఒక్కొక్కటి మూడేళ్లు నిండబోయే ముందు వేసినదే. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, దావాకు పనికిరాదు. చెల్లు పడితే గడువు మళ్లీ మొదలు. కట్టలేని రైతు, వదులుకోలేని షావుకారు కలిసి ఆ నోటును అలా బతికించుకుంటూ వస్తున్నారు.

“మరి చిట్టాలు, ఆవర్జాలు? అవి చింపరు కదా?” అన్నాను.

“మా షావుకార్ల నాయన కాలంలోవి అటక మీద ఉండేవి. చెదలు పట్టినాయి. కొన్ని తూకానికి పోయినాయి. మార్వాడీల ఇండ్లల్లో బహీలు ఉంటాయి, దీపావళికి పూజ చేస్తారు గానీ ఎవురికీ చూపీరు.” కాసేపాగి, “ఈ ఊర్లో ఇప్పుడు కార్లలో తిరిగేటోళ్ల తాతల బాకీలు ఉంటాయి వాట్లల్లో. చూపిచ్చి ఎవురి మర్యాద తీస్తాం?” అన్నాడు.

మన దగ్గర కాగితాలు నిలవకపోవడానికి అశ్రద్ధ ఒక్కటే కారణమని అప్పటిదాకా అనుకునేవాణ్ని. నోటు చింపడం మాత్రం అశ్రద్ధ కాదు. అది రసీదు కంటే గట్టి రసీదు. బాకీ తీరిందనడానికి ఇద్దరి ముందూ చేసే సాక్ష్యం. ఈ లెక్కన కాగితం మిగిలిందంటే బాకీ మిగిలినట్టే.

ఇదే సూత్రంతో వర్జీనియా లెక్కలను చూస్తే, అవి ఎందుకు మిగిలాయో తెలుస్తుంది. గ్లాస్గోకు చెందిన జాన్ గ్లాస్‌ఫర్డ్, విలియం కనింగ్‌హామ్ లాంటి వర్తకులు వర్జీనియా, మేరీలాండ్ నదుల ఒడ్డున అంగళ్లు పెట్టి గుమాస్తాలను కూర్చోబెట్టారు. రైతు ఏడాదంతా మేకులు, పంచదార, రమ్ము సారా, బట్ట ఖాతాలో తీసుకుపోవాలి. పంట చేతికొచ్చాక పొగాకు తెచ్చి జమ వేయించుకోవాలి. మిగిలింది వచ్చే ఏటికి బాకీ. ఆదోని మండీకి తెలియని సంగతి ఇందులో ఒక్కటీ లేదు. గ్లాస్‌ఫర్డ్ కంపెనీ కోల్చెస్టర్ అంగడి ఖాతాల్లో జార్జి వాషింగ్టన్ పేరుంది, అతి చిన్న కౌలు రైతుల పేర్లూ ఉన్నాయి. అమెరికాను ఏలబోయే మనిషికీ, పొరుగు కౌలుదారుకూ ఒకే గుమాస్తా ఒకే చేతిరాతతో పద్దులు రాశాడు.

యుద్ధం వచ్చింది, బాకీలు వసూలు కాలేదు. అందుకే ఆ పుస్తకాలు చింపలేదు, అమ్మలేదు. వర్తకులు వాటిని చంకన పెట్టుకుని పాతికేళ్లు తిరిగారు. 1794లో బ్రిటన్, అమెరికాల మధ్య కుదిరిన జే ఒప్పందం పాత బాకీలను తేల్చడానికి కమిషన్ వేయమంది. 1796లో అమెరికా సుప్రీంకోర్టు వేర్ వర్సెస్ హిల్టన్ కేసులో బ్రిటిష్ వర్తకుల బాకీలు చెల్లవలసిందేనని తీర్పు చెప్పింది. చివరికి 1802లో అమెరికా ప్రభుత్వం మొత్తానికి ఆరు లక్షల పౌండ్లు ఇచ్చేట్టు ఒప్పుకుంది. ఆ డబ్బులో వాటా కోసం వర్తకులు పెట్టుకున్న అర్జీలు, జతచేసిన ఖాతా నకళ్లు ఇప్పుడు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చరిత్రకారులు మురిసిపోయే ఆ పుస్తకాల వెనక ఉన్నది మన ప్రోనోటు వెనకున్న కథే. తీరని బాకీ!

కాగితానికున్న బలం గురించి ఆదోనిలో ఒక పాత కథ కూడా ఉంది. ఊరి కొండ కింద షాహీ జామియా మసీదు ఉంది. బీజాపూరు ఆదిల్‌షాహీల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించాడు. పైన కోట ఇప్పుడు రాళ్లూ తుప్పలూ. 1786లో టిప్పు సుల్తాను పట్టుకుని చాలావరకు కూలగొట్టించాడు. ఈ మసూద్ ఖాన్ పేరు రాఘవేంద్రస్వామి భక్తులందరికీ తెలుసు. వెంకన్న అనే చదువురాని కుర్రవాడు దారిలో నవాబుకు ఎదురుపడతాడు. అప్పుడే చేరిన ఉత్తరం చదివి వినిపించమంటాడు నవాబు. కుర్రవాడు స్వామిని తలుచుకుని గడగడా చదివేస్తాడు, దివానైపోతాడు. తర్వాత అదే నవాబు ఇచ్చిన మంచాలలో 1671లో స్వామి బృందావన ప్రవేశం చేశారు. ఇప్పటి మంత్రాలయం అదే. కథలోని మహిమ సంగతి భక్తులకు వదిలేద్దాం. చదవడం వచ్చినవాడి చేతికి అధికారం ఎలా వస్తుందో మాత్రం ఈ కథ దాచకుండా చెబుతుంది.

మన్రో కాలానికి వచ్చేసరికి ఆ అధికారం కరణం కవిలెలోనూ కచేరీ దఫ్తరంలోనూ స్థిరపడింది. 1802లో పైమాయిషీ మొదలుపెట్టి చేను చేనుకూ కొలతలు రాయించారు. 1808లో దత్తమండలాన్ని బళ్ళారి, కడప జిల్లాలుగా విడగొట్టినప్పుడు ఆదోని బళ్ళారి కిందికి పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. తాలూకా వచ్చినంత తేలిగ్గా కాగితాలు రావు కదా. ఆదోని పాత రెవెన్యూ చరిత్ర రాయదలచినవాడు బళ్ళారికీ, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కూ టికెట్టు కొనుక్కోవలసిందే.

ఆదోని నుంచి పత్తికొండ దగ్గరే. తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో ఇంగ్లండుకు వెళ్లిపోయే ముందు తన పాత మండలాన్ని ఒకసారి చూసి పోదామని 1827 వేసవిలో బయలుదేరాడు. గుత్తి దగ్గర విడిదిలో కలరా పుట్టింది. జూలై 6న పత్తికొండలో అతనికి సోకి, ఆ రాత్రే ప్రాణం తీసింది. అంతకు ముందు ఏడాదే భార్య జేన్ బిడ్డతో ఇంగ్లండు వెళ్లిపోయింది. ఆమె లేని మద్రాసు గిండీ తోట ఎంత వెలితిగా ఉందో చెబుతూ అతను రాసిన ఉత్తరాలు గ్లీగ్ పుస్తకంలో చదవొచ్చు. పత్తికొండలో అతని పేరు మీద సర్కారు బావి తవ్వించి తోపు వేయించింది. అయితే మన్రోను నాకు దగ్గర చేసింది ఈ బావి కాదు, అతను ఇంటికి డబ్బు పంపుతూ రాసిన ఉత్తరాలు. వర్జీనియాలో పోయిన తండ్రి సొమ్ముకు బదులుగా కొడుకు జీతం ఇక్కడి నుంచి గ్లాస్గో చేరుతుండేది. ఆ జీతం వచ్చింది శిస్తులోంచి. శిస్తు కట్టింది ఈ నల్లరేగడి రైతు. అమెరికా కౌలుదారు ఎగవేసిన బాకీలో కొసరు ముక్క ఆదోని రైతు తీర్చాడంటే మరీ తప్పేమీ కాదు.

తీర్చినవాళ్ల ఉత్తరాలు మాత్రం లేవు. ఎవరికి రాస్తారు? చెల్లెలు పక్క ఊళ్లోనే ఉంది. షావుకారు ఎదురుగా అరుగు మీదే ఉన్నాడు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంట లోపు ప్రయాణం. దారిపొడవునా పత్తి చేలు, మధ్యమధ్య మిరప. ఈ దారిలో 1860ల్లో ఇంకో అమెరికా యుద్ధం దెబ్బ తగిలింది. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలై దక్షిణ రాష్ట్రాల పత్తి లివర్‌పూల్ చేరడం ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులు మన పత్తి మీద పడ్డాయి. పండించినవాడికీ, అంతకంటే ఎక్కువగా కొని అమ్మినవాడికీ నాలుగేళ్లు పండగ. అదే పత్తి నూలుగా కొనుక్కోవలసిన నేతగాడికి మగ్గం కట్టేసే పరిస్థితి. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడింది. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు 1871లో పూర్తయింది. పత్తి పోవడానికి వేసిన ఆ దారినే మిల్లు బట్ట లోపలికి వచ్చింది. 1876 నుంచి 78 దాకా ధాతుకరువు మిగిలినవాళ్లనూ ఊడ్చేసింది.

ఎమ్మిగనూరులో నేతగాళ్లు అప్పటికీ ఇప్పటికీ ఉన్నారు. చాలాకాలం వాళ్ల లెక్క షావుకారు పుస్తకంలోనే ఉండేది. నూలు ఎంత ఇచ్చాడో ఆయన రాసుకోవాలి, బట్ట ఎంత వచ్చిందో ఆయనే రాసుకోవాలి, మజూరీలో బాకీకి ఎంత పట్టాడో ఆయనే చెప్పాలి. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టాక లెక్క రెండు చోట్ల ఉండటం మొదలైంది. సంఘం రిజిస్టరులో ఒకటి, నేతగాడి పాసుపుస్తకంలో ఒకటి. సంఘం అన్నాక ఏటా ఆడిట్ ఉంటుంది, సభ్యుడు నిలబడి అడగవచ్చు, అడిగితే పుస్తకం చూపించాలి. ఎమ్మిగనూరు దుప్పట్లూ తువాళ్లూ దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. 1954లో తొలిసారి పద్మశ్రీలు ఇచ్చినప్పుడు అందులో సోమప్ప పేరు ఉంది. బట్ట నాణ్యత గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆయన చేసినవాటిలో పెద్దది ఆ రెండో పుస్తకమే అనిపిస్తుంది.

వీవర్స్ కాలనీలో ఒక ఇంట గుంట మగ్గం ఇంకా ఆడుతోంది. వీధిలో చాలా ఇళ్ల నుంచి ఆ చప్పుడు ఇప్పుడు రావడం లేదు. పిల్లలు బెంగళూరులో పనులకు పోయారు. మగ్గం మీదున్న పెద్దాయన పోగు తెగినచోట ముడివేసి, లేచి, గూట్లోంచి ఒక రేకుపెట్టె దించాడు. రేషను కార్డు, ఆధార్, ఆసుపత్రి చీటీల అడుగున వాళ్ల నాయన పాసుపుస్తకం ఉంది. అట్ట మీద గంజి చేతుల మరకలు గట్టిపడి మెరుస్తున్నాయి. లోపల వరసలు: ఇచ్చిన నూలు ఇన్ని చిలపలు, తెచ్చిన దుప్పట్లు ఇన్ని, మజూరీ, వాటాధనం కోత, పొదుపు. ఒక పేజీలో దుప్పట్ల సంఖ్య కొట్టివేసి ఒకటి పెంచి రాశారు. పక్కనే గుమాస్తా పొడి సంతకం, దాని పక్కన వేలిముద్ర.

“మా నాయన ఒప్పుకోలేదంట. లెక్క తప్పింది, మళ్లీ ఎంచండి అన్న్యాడంట. చదువు రాదు గానీ ఎన్ని నేసినాడో ఆయనకు తెలియదా?” అన్నాడాయన.

మండీ పెద్దాయన బొటనవేలితో పేరు కప్పాడు. ఇక్కడ ఈయన పేరున్న చోట వేలు పెట్టి మరీ చూపిస్తున్నాడు. వర్జీనియా అంగళ్ల ఖాతాల్లో హిందూదేశపు బట్ట కూడా ఉంది. లండన్ మీదుగా పోయిన కలంకారీలు, మల్లుబట్టలు. ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో గుమాస్తా రాశాడు. నేసినవాడి పేరు ఆ వ్యాపారంలో ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత ఎమ్మిగనూరులో ఎక్కింది, తప్పు దిద్దించుకునే హక్కుతో సహా.

ఆదోని షావుకార్ల చిట్టాలు దొరకలేదని విచారించడం కంటే, ఇలాంటి రేకుపెట్టెల జోలికి పోవడం మేలు. అప్పుల పుస్తకం బయటపెట్టాలంటే రెండు ఇళ్ల మర్యాద అడ్డొస్తుంది, ఆ అడ్డు న్యాయమైనదే. పనిచేసి సంపాదించిన లెక్కకు ఆ అడ్డు లేదు. తక్‌పట్టీలు, పాసుపుస్తకాలు, పట్టాలు, గల్ఫుకో బెంగళూరుకో పోయిన పిల్లలు ఒకప్పుడు రాసిన కార్డులు, అన్నీ ఇళ్లల్లోనే ఉన్నాయి. ఇళ్లు కూల్చి స్లాబు వేసినప్పుడల్లా కొన్ని పోతున్నాయి.

ఏదైనా గ్రంథాలయానికి ఇస్తారా, భద్రంగా ఉంటుంది అని అడిగాను. పెద్దాయన పుస్తకం మూసి పెట్టెలో పెట్టేశాడు. “జిరాక్సు తీసుకో సార్, కావాలంటే ఫోన్లో ఫోటో కొట్టుకో. పుస్తకం మాత్రం ఈను. పింఛను కాడ నేను నేతగాన్నని రుజువు అడిగినప్పుడు ఇదే చూపిచ్చినా.”

ఆయన చెప్పిన పద్ధతే ఇప్పుడు పెద్ద సంస్థలూ పాటిస్తున్నాయి. బ్రిటిష్ లైబ్రరీ 2004లో మొదలుపెట్టిన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ కార్యక్రమం పాత కాగితాలకు నకళ్లు తీసుకుని అసళ్లను వాటి దేశంలోనే వదిలేస్తుంది. ఎమ్మిగనూరులో దీనికి విదేశీ నిధులు కూడా అక్కర్లేదు. ఒక డిగ్రీ కాలేజీ చరిత్ర శాఖ, సెలవుల్లో కొంతమంది విద్యార్థులు, వాళ్ల చేతుల్లో ఇప్పటికే ఉన్న ఫోన్లు చాలు. ముందు ఎవరింటికి వెళ్లాలో కూడా వెతుక్కోనవసరం లేదు. ఆ విద్యార్థుల్లో సగం మంది తాతలు మగ్గం నేసినవాళ్లే.